ప్లాస్టిక్, పంట వ్యర్థాల నుంచి ఇంధన నూనె: క్యాటలిస్టుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ ల్యాబులో అరకేజీ రియాక్టర్ నడిపేవారికీ, రోజుకు టన్ను ప్లాంటు పెట్టాలని చూసేవారికీ కలిపి రాసిన పేజీ ఇది. పైరాలిసిస్ అంటే గాలి తగలకుండా వేడిచేసి విడగొట్టడం అన్న సంగతి తెలుసనే అనుకుని రాస్తున్నాం. క్యాటలిస్ట్ అంటే తాను ఖర్చవకుండా ఆ విడగొట్టే పనిని నడిపించే పదార్థం. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో, శాతాలన్నీ బరువు లెక్కలో.

క్యాటలిస్ట్ వేస్తే ఆయిల్ ఎక్కువ వస్తుందా?

రాదు. చాలాసార్లు తగ్గుతుంది. పొడవాటి అణువులను క్యాటలిస్ట్ ఇంకా చిన్న ముక్కలు చేస్తుంది. వాటిలో మరీ చిన్నవి కండెన్సర్‌లో చల్లబడి నూనె కావు, గ్యాస్‌గా బయటికి పోతాయి. కొంత బొగ్గుగా మారి క్యాటలిస్ట్ మీదే పేరుకుంటుంది. శుభ్రమైన పాలిథీన్, పాలీప్రొపిలీన్ 100 కేజీలు క్యాటలిస్ట్ లేకుండా వేడిచేస్తే మైనంతో కలిపి 75–80 కేజీల దాకా ద్రవం రావచ్చు. అదే సరుకును బలమైన ఆమ్లగుణం ఉన్న జడ్‌ఎస్‌ఎం-5 (సన్నటి రంధ్రాలున్న జియోలైట్ రకం క్యాటలిస్ట్) మీదుగా పంపితే 40–50 కేజీలకు పడిపోవడం మామూలే, మిగతాది చాలావరకు గ్యాసే. కాకపోతే ఆ 45 కేజీల్లో మైనం ఉండదు, పెట్రోలు శ్రేణి అణువులే ఎక్కువ. క్యాటలిస్ట్ ఇచ్చేది నాణ్యత, దానికి ధర పరిమాణంలో కడతాం. ఈ లెక్క వేయకుండా ప్లాంటు పెట్టినవారే ఎక్కువ నష్టపోతారు.

క్యాటలిస్ట్ లేకుండా వచ్చిన నూనెలో లోపం ఏమిటి?

సరుకును బట్టి ఉంటుంది. పాలిథీన్ అయితే ఐదు కార్బన్ల అణువు నుంచి నలభై కార్బన్ల అణువు దాకా అన్నీ కలగలిసి వస్తాయి. డిసెంబరు ఉదయం డ్రమ్ము మూత తీస్తే నెయ్యిలా గడ్డకట్టి ఉంటుంది. ద్విబంధాలున్న ఒలిఫిన్లు ఎక్కువ కాబట్టి నిల్వలో రంగు మారి జిగురు కడుతుంది.

కట్టె, గడ్డి నుంచి వచ్చే బయో ఆయిల్ సంగతి వేరే. పేరులో ఆయిల్ ఉంది గానీ అందులో 15–30% నీళ్లే. ఆక్సిజన్ 35–40%, పీహెచ్ 2–3, అంటే ఇనుప డ్రమ్మును తినేస్తుంది. కేజీకి 16–19 మెగాజౌళ్ల వేడి మాత్రమే ఇస్తుంది, డీజిల్ అయితే 42–43 ఇస్తుంది. డీజిల్‌తో కలవదు, పొరలుగా విడిపోతుంది. స్వేదనం చేద్దామంటే కుదరదు: వేడెక్కే కొద్దీ చిక్కబడి, దాదాపు సగం తారులా అడుగున మిగులుతుంది. క్యాటలిస్ట్ అవసరం ప్లాస్టిక్ కంటే ఇక్కడే నిజంగా ఎక్కువ, కష్టం కూడా ఇక్కడే ఎక్కువ.

ఏ ప్లాస్టిక్ వేయవచ్చు? ఏది వేయకూడదు?

పాల ప్యాకెట్లు, డ్రిప్పు లాటరల్ పైపులు, షేడ్‌నెట్, ఎరువుల బస్తాలు, బకెట్లు: ఇవన్నీ పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్, మంచి సరుకు. థర్మోకోల్ అంటే పాలీస్టైరీన్. దాని నుంచి ద్రవం బాగా వస్తుంది, అందులో స్టైరీనే ఎక్కువ. నీళ్ల బాటిళ్లు పెట్ ప్లాస్టిక్. వాటి బరువులో మూడో వంతు ఆక్సిజనే. నూనె రాదు సరికదా, టెరిఫ్తాలిక్ ఆమ్లం తెల్లటి పొడిగా కండెన్సర్ గొట్టాల్లో పేరుకుని దారి మూసేస్తుంది. వాటిని రీసైక్లింగ్ వాళ్లకు అమ్ముకోవడమే లాభం.

పీవీసీ అసలు శత్రువు. అందులో దాదాపు 57% క్లోరిన్. మన దగ్గర ఇది రెండు దారుల్లో దొంగచాటుగా వస్తుంది. ఒకటి, డ్రిప్పు సెట్టు: లాటరల్స్ పాలిథీనే గానీ మెయిన్, సబ్‌మెయిన్ పైపులు పీవీసీ. అనంతపురం వైపు పొలాల నుంచి పాత సెట్టు మొత్తం ఒకే కట్టగా వస్తే విప్పి చూడాల్సిందే. రెండోది ఫ్లెక్సీ. పాలిస్టర్ గుడ్డ మీద పీవీసీ పూత పూస్తే ఫ్లెక్సీ, కాబట్టి పెట్ బాధ, పీవీసీ బాధ రెండూ ఒకే షీటులో ఉంటాయి. ఒక్క ఫ్లెక్సీ కూడా లోపలికి పోనివ్వకండి.

అనుమానం వస్తే రెండు పరీక్షలు. ముక్కను నీళ్లలో వేసి ముంచి వదలండి: పాలిథీన్, పాలీప్రొపిలీన్ తేలతాయి, పెట్, పీవీసీ మునుగుతాయి. గట్టి పాలీస్టైరీన్ కూడా మునుగుతుంది. నురుగు రూపంలోని థర్మోకోల్ మాత్రం గాలి వల్ల తేలుతుంది. మునిగినదాన్ని రాగి తీగతో చూడండి. తీగ కొనను బర్నర్ మంటలో ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్‌కు తాకించి, అంటుకున్న కాస్తంత ప్లాస్టిక్‌తో మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మెరిస్తే క్లోరిన్ ఉన్నట్టే. ప్రతి పరీక్షకు ముందు తీగను ఆ ఆకుపచ్చ రంగు పోయేదాకా కాల్చాలి, లేకపోతే పాత ముక్క తాలూకు ఆకుపచ్చ రంగే కనిపిస్తుంది. పొగ పీల్చకుండా ఆరుబయట చేయండి.

మల్చింగ్ షీటు విషయంలో ఇంకో మాట. పొలం నుంచి తీసినదాని బరువులో ఒక్కోసారి సగం మట్టే ఉంటుంది. ఉతికి ఆరబెట్టకుండా తూకం వేసి కొంటే మట్టికి డబ్బులిచ్చినట్టు, పైగా ఆ మట్టి రియాక్టర్ అడుగున చేరి వేడిని అడ్డుకుంటుంది.

కొద్దిగా పీవీసీ కలిసినా సున్నం వేస్తే సరిపోతుంది కదా?

లెక్క చూడండి. ఒక కేజీ పీవీసీ సుమారు 580 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది. దాన్ని పట్టడానికి లెక్క ప్రకారం 450 గ్రాముల పొడిసున్నం (కాల్షియం ఆక్సైడ్), లేదా 590 గ్రాముల తడిసున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్) పొడి కావాలి. సున్నం రేణువుల పైపొర కాల్షియం క్లోరైడ్‌గా మారి లోపలిదాన్ని కప్పేస్తుంది కాబట్టి ఆచరణలో రెట్టింపు పెట్టుకోవాలి. 100 కేజీల సరుకులో 2 కేజీల పీవీసీ ఉంటే దాదాపు 2 కేజీల పొడిసున్నం ఖర్చవుతుందన్నమాట. 2% వరకు ఇది భరించవచ్చు, 10% అయితే అర్థం లేదు.

సున్నాన్ని సరుకులో కలిపేయడం కంటే రెండు దశలుగా నడపడం మేలు. ముందు 300–350 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఆపితే పీవీసీలోని క్లోరిన్‌లో ఎక్కువ భాగం బయటికొస్తుంది. పాలిథీన్ అప్పటికి కరిగి ఉంటుందే గానీ విడిపోవడం మొదలవదు. ఆ గ్యాసును సున్నం డబ్బా, ఆ తర్వాత కాస్టిక్ స్క్రబ్బర్ (కాస్టిక్ సోడా నీళ్లతో గ్యాసును కడిగే పాత్ర) గుండా పంపి, ఆపైన వేడి పెంచండి. జడ్‌ఎస్‌ఎం-5 బెడ్‌కు (ఆవిరి దారిలో నింపిన క్యాటలిస్ట్ పొరకు) క్లోరిన్ తగలకుండా చూడటం ముఖ్యం: ఆవిరితో కలిసిన హైడ్రోజన్ క్లోరైడ్ జియోలైట్‌లోని అల్యూమినియాన్ని లాగేస్తుంది, స్టీలు గొట్టాలను గుంటలు పడేలా తినేస్తుంది.

ఏ క్యాటలిస్ట్ దేనికి?

జడ్‌ఎస్‌ఎం-5. మొబిల్ కంపెనీ 1972లో పేటెంట్ పొందిన జియోలైట్. రంధ్రాలు సుమారు 0.55 నానోమీటర్లు, అంటే బెంజీన్, టోలీన్, జైలీన్ సైజు అణువులు దూరేంత. అంతకంటే లావైనవి లోపలికి పోలేవు, అందుకే ఇందులో బొగ్గు మిగతా జియోలైట్లంత త్వరగా పట్టదు. కొనేటప్పుడు సిలికా–అల్యూమినా నిష్పత్తి అడగండి. 23–30 ఉంటే ఆమ్లగుణం బలంగా ఉండి సుగంధ హైడ్రోకార్బన్లు (బెంజీన్, టోలీన్ లాంటివి), గ్యాసు ఎక్కువ. 80 పైన ఉంటే పని నెమ్మదిస్తుంది గానీ ఎక్కువసేపు నిలుస్తుంది. అమ్మోనియం రూపంలో వస్తే అలాగే వాడకూడదు. 550 డిగ్రీల దగ్గర 4–5 గంటలు కాల్చి అమ్మోనియా పోయాకే అది ఆమ్లరూపానికి వస్తుంది.

రిఫైనరీల వాడేసిన ఎఫ్‌సీసీ క్యాటలిస్ట్. బరువైన నూనెను విరిచే క్రాకింగ్ యూనిట్లలో వాడేది. వై జియోలైట్, రంధ్రాలు 0.74 నానోమీటర్లు. విశాఖ రిఫైనరీ లాంటి చోట్ల క్రాకింగ్ యూనిట్ నుంచి రోజూ కొంత తీసేస్తుంటారు. ప్లాస్టిక్ నుంచి డీజిల్ శ్రేణి నూనె కావాలనుకుంటే మా ఓటు దీనికే. ఆమ్లగుణం కాస్త చచ్చి ఉండటం ఇక్కడ లోపం కాదు, గుణం: మైనాన్ని విరుస్తుంది గానీ అంతా గ్యాసు చేయదు. నికెల్, వెనేడియం పట్టి ఉంటాయి, ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది, కాబట్టి కాగితాలు లేకుండా తేవద్దు.

సున్నం, మెగ్నీషియా, డోలమైట్. ఇవి క్షారాలు, పొడవాటి గొలుసులను విరిచే పని వీటితో కాదు. బయోమాస్‌లో (కట్టె, గడ్డి లాంటివాటిలో) ఆమ్లాల పని పడతాయి: రెండు ఎసిటిక్ ఆమ్లం అణువులు కలిసి ఒక ఎసిటోన్ అవుతాయి, కార్బన్ డయాక్సైడ్, నీరు బయటికి పోతాయి. బయో ఆయిల్ పులుపు తగ్గించాలంటే చౌకైన దారి ఇదే. పొడిసున్నం కార్బన్ డయాక్సైడ్ పట్టి సున్నపురాయిగా మారిపోతుంది, తిరిగి రావాలంటే 800–900 డిగ్రీలు కావాలి.

రెడ్ మడ్ (అల్యూమినా ఫ్యాక్టరీ వ్యర్థం), బెంటొనైట్, కయోలిన్ అనే బంకమట్లు, ఫ్లై యాష్: చౌక. పనితనం ఒక లోడుకూ ఇంకో లోడుకూ మారుతుంది. ప్రాజెక్ట్ రిపోర్టులకు బాగుంటాయి, కొనేవాడికి ఒకే నాణ్యత ఇవ్వాలంటే కష్టం.

క్యాటలిస్ట్‌ను సరుకులోనే కలపాలా, వేరే బెడ్ పెట్టాలా?

వేరే బెడ్ పెట్టండి. కలిపేస్తే మట్టి, రంగుల్లోని టైటానియం, సున్నపు ఫిల్లర్, బొగ్గు అన్నీ క్యాటలిస్ట్‌తో కలిసిపోయి మళ్లీ విడదీయలేరు. ఒక్క బ్యాచ్‌కే పారేయగలిగేంత చౌకైనదైతేనే, అంటే సున్నమో మట్టో అయితేనే, కలపడం లాభం. వేరే బెడ్‌లో రియాక్టర్ ఒక వేడిలో, బెడ్ ఇంకో వేడిలో ఉంచుకోవచ్చు: ప్లాస్టిక్ ఆవిరికి 400–450, బయోమాస్ ఆవిరికి 450–550. రియాక్టర్ నుంచి బెడ్ దాకా ఉన్న గొట్టానికి కూడా హీటర్ చుట్టి 400 దగ్గర ఉంచాలి. ఇది మరిచిపోతే మైనం మధ్యలోనే గడ్డకడుతుంది, రియాక్టర్‌లో ఒత్తిడి పెరుగుతుంది.

ఎంత క్యాటలిస్ట్ పోయాలి?

గంటకు వచ్చే ఆవిరి బరువును క్యాటలిస్ట్ బరువుతో భాగించి చూస్తాం. 1–2 దగ్గర మొదలుపెట్టండి. గంటకు కేజీ సరుకు, నిష్పత్తి 2 అంటే అరకేజీ క్యాటలిస్ట్, గుళికల రూపంలో సుమారు 0.75 లీటర్లు. రెండంగుళాల పైపులో 35 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది.

పొడిని నేరుగా పోయకండి, ఆవిరికి దారి ఉండదు. 700 గ్రాముల జియోలైట్‌కు అతుక్కోవడానికి 300 గ్రాముల బోహ్మైట్ అల్యూమినా, 1–2% నైట్రిక్ ఆమ్లం కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా కలిపి, 2–3 మిల్లీమీటర్ల రంధ్రాల నుంచి ఒత్తండి. రాత్రంతా ఆరబెట్టి, 110–120 డిగ్రీల్లో ఎండబెట్టి, నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 550కి తీసుకెళ్లి 4 గంటలు ఉంచండి. తొందరపడి వేడి పెంచితే లోపలి ఆవిరికి గుళికలు పగిలి పొడి అవుతాయి. బెంటొనైట్ చౌక అని వాడేవారు అది సోడియం రకమో కాదో కనుక్కోండి, సోడియం జియోలైట్‌లోని ఆమ్లస్థానాలను ఆక్రమిస్తుంది.

వరిగడ్డి, పత్తి కట్టె వాడొచ్చా?

పత్తి కట్టె, వేరుశనగ పొట్టు, కొబ్బరి చిప్ప ఫర్వాలేదు. వరిగడ్డిలో బూడిదే 15–20%, అందులో పొటాషియం ఉంటుంది. పొటాషియం రెండు రకాలుగా చెరుపు చేస్తుంది: ఆవిరిని ముందే విరిచి నూనె తగ్గించి నీళ్లు, బొగ్గు పెంచుతుంది, దుమ్ముతో కలిసి బెడ్ మీద వాలి ఆమ్లస్థానాలను చంపుతుంది. బొగ్గును కాల్చి పోగొట్టొచ్చు, పొటాషియం కాల్చినా పోదు. గడ్డిని నీళ్లలో నానబెట్టి పిండితే పొటాషియంలో ఎక్కువ భాగం పోతుంది. మళ్లీ ఎండబెట్టే ఖర్చు లెక్క వేసుకోండి.

తేమ 10% లోపు, ముక్క 2–3 మిల్లీమీటర్ల లోపు, వేడి 500 డిగ్రీలు, ఆవిరి వేడి ప్రాంతంలో రెండు సెకన్లకు మించి ఉండకూడదు. ఈ నాలుగూ కుదిరితే ఎండు బరువు మీద 60–75% ద్రవం వస్తుంది. డ్రమ్ములో కట్టెలు పేర్చి మెల్లగా కాలిస్తే వచ్చేది బొగ్గే. ఆ పద్ధతికి క్యాటలిస్ట్ తగిలించి ఉపయోగం లేదు.

ప్లాస్టిక్, బయోమాస్ కలిపి వేస్తే మంచిదంటారు. ఎందుకు?

హైడ్రోజన్ లెక్క. ఆక్సిజన్ నీళ్లుగా పోవాలంటే హైడ్రోజన్‌ను వెంట తీసుకెళుతుంది. అలా పోగా కార్బన్‌కు మిగిలే హైడ్రోజన్ గ్లూకోజ్‌లో సున్నా, కట్టెల్లో 0–0.3, పాలిథీన్‌లో 2. హైడ్రోజన్ చాలని సరుకు జడ్‌ఎస్‌ఎం-5 మీద బొగ్గవుతుంది. పాలిథీన్ నుంచి వచ్చే ఒలిఫిన్లు సెల్యులోజ్ నుంచి వచ్చే ఫ్యూరాన్లతో (ఆక్సిజన్ ఉన్న వలయ అణువులతో) రంధ్రాల్లో కలిసి, నీటిని వదిలి, సుగంధ హైడ్రోకార్బన్లవుతాయి. బొగ్గు తగ్గుతుంది, నూనె పెరుగుతుంది. సమాన బరువుల దగ్గర మొదలుపెట్టి ప్లాస్టిక్ వైపు పెంచుకుంటూ పోండి.

కాగితం మీద ఇంత బాగుండేది బ్యాచ్ డ్రమ్ములో ఎందుకు పనిచేయదంటే, రెండూ ఒకే సమయంలో ఆవిరి కావు. మెల్లగా వేడెక్కితే కట్టెలో హెమిసెల్యులోజ్ 220–315 డిగ్రీల మధ్య, సెల్యులోజ్ 315–400 మధ్య విడిపోతాయి. పాలిథీన్ 400 దాటాకే కదులుతుంది. అప్పటికి ఫ్యూరాన్లు ఎప్పుడో కండెన్సర్ చేరి ఉంటాయి. వేడి రియాక్టర్‌లోకి రెండింటినీ కొద్దికొద్దిగా వదిలే ఏర్పాటు ఉండాలి. అక్కడ ఇంకో చిక్కు: స్క్రూ ఫీడర్ వేడెక్కితే ప్లాస్టిక్ కరిగి కట్టెపొడితో కలిసి బిరడా కడుతుంది. ఫీడర్ చివర నీళ్ల జాకెట్ తప్పనిసరి.

విడివిడిగా తీసిన బయో ఆయిల్‌నూ ప్లాస్టిక్ ఆయిల్‌నూ తర్వాత కలిపితే ఈ లాభమేదీ రాదు. నూనె, నీళ్ల మాదిరి విడిపోతాయి.

క్యాటలిస్ట్ నల్లబడింది. పారేయాలా?

వద్దు, కాల్చి తిరిగి వాడొచ్చు, కానీ జాగ్రత్తగా. ముందు 450 డిగ్రీల దగ్గర నైట్రోజన్ అరగంట పంపి మిగిలిన ఆవిరిని తోసేయండి. 400 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌లో 2–5% ఆక్సిజన్ ఉండేలా ఆరిన గాలి కలపండి. బెడ్ మధ్యలోని థర్మోకపుల్ (వేడి కొలిచే సాధనం) మీదే కన్ను ఉంచండి. ఉష్ణోగ్రత పెరగడం ఆగాక గాలి పాలు పెంచుతూ 550కి వెళ్లండి, 650 దాటనివ్వకండి. బయటికొచ్చే గ్యాసులో కార్బన్ డయాక్సైడ్ ఆగిపోతే పని అయినట్టు. గుళికలు తిరిగి తెల్లబడతాయి.

మొదటే పూర్తి గాలి వదిలితే ఏమవుతుంది? కేజీ క్యాటలిస్ట్ మీద 10% బొగ్గు ఉంటే అందులో 3 మెగాజౌళ్లకు పైగా వేడి ఉంటుంది. అది బయటికి పోయే దారి లేకపోతే బెడ్‌ను వెయ్యి డిగ్రీలు దాటించగలదు. ఆ వేడిలో, బొగ్గులోని హైడ్రోజన్ కాలగా వచ్చిన నీటి ఆవిరి తోడై, జియోలైట్ నిర్మాణమే కూలిపోతుంది. పైకి తెల్లగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. తిరిగి వాడిన క్యాటలిస్ట్‌తో మైనం మళ్లీ కనిపిస్తుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

కండెన్సర్ మాటిమాటికీ మూసుకుపోతోంది.

పసుపు మైనమా, తెల్లటి పొడా చూడండి. మైనమైతే మొదటి కండెన్సర్‌కు చన్నీళ్లు ఆపి 70–80 డిగ్రీల వేణ్నీళ్లు తిప్పండి, చన్నీళ్లు రెండోదానికి పెట్టండి. తెల్లటి పొడైతే సరుకులో పెట్ ఉంది.

ఈ నూనె బండిలో, ట్రాక్టర్‌లో పోయొచ్చా?

పోయకండి. బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10 మించకూడదు, సీటేన్ (డీజిల్ ఇంజిన్‌లో ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే సంఖ్య) 51కి తగ్గకూడదు. జడ్‌ఎస్‌ఎం-5 నూనెలో సుగంధ హైడ్రోకార్బన్లు ఎక్కువ, అవి సీటేన్‌ను పడగొడతాయి. ఒలిఫిన్ల జిగురు ఇంజెక్టర్లను పట్టేస్తుంది. బాయిలర్, ఫర్నేస్ బర్నర్లకు అమ్మడమే ఈ నూనెకు నిజాయితీ గల మార్కెట్. అక్కడ కూడా ఫ్లాష్ పాయింట్ (నూనె ఆవిరి నిప్పుకు అంటుకునే కనీస ఉష్ణోగ్రత) 66 డిగ్రీలు ఉండాలి కాబట్టి తేలిక భాగాన్ని స్వేదనం చేసి తీసేయాలి. సరైన డీజిల్ కావాలంటే నికెల్–మాలిబ్డినం క్యాటలిస్ట్ మీద 300–400 డిగ్రీల్లో, పదుల బార్ల ఒత్తిడిలో హైడ్రోజన్ ఎక్కించాలి. అది రిఫైనరీల పని.

క్యాటలిస్ట్ వల్ల వచ్చే ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. నూనె తేలికయ్యే కొద్దీ ఫ్లాష్ పాయింట్ పడుతుంది. 23 డిగ్రీల కిందికి వస్తే చట్టం దృష్టిలో అది క్లాస్ ఏ పెట్రోలియం, లైసెన్స్ లేకుండా 30 లీటర్లకు మించి ఉంచకూడదు. 23 నుంచి 65 లోపు ఉంటే క్లాస్ బి: మొత్తం 2,500 లీటర్ల దాకా, ఏ ఒక్క పాత్రా వెయ్యి లీటర్లు మించకుండా ఉంచుకోవచ్చు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు దీనికి అదనం.

ల్యాబుకు పంపితే ఏమేం అడగాలి?

నీటి శాతం, ఫ్లాష్ పాయింట్, మొత్తం క్లోరిన్, గంధకం, ఆమ్ల సంఖ్య, పోర్ పాయింట్ (చల్లబడి నూనె పారడం ఆగే ఉష్ణోగ్రత), స్వేదన పట్టిక. కెలోరిఫిక్ విలువ ఒక్కటే చూసి మురిసిపోవద్దు, మైనానికి కూడా అది బాగానే వస్తుంది.

ప్రమాదాలు ఎక్కడ జరుగుతాయి?

ఎక్కువగా తలుపు తీసేటప్పుడు. లోపలి ఆవిరి 200–250 డిగ్రీల దగ్గర నిప్పురవ్వ లేకుండానే అంటుకోగలదు. బొగ్గు సన్నగా, పొడిగా ఉంటే గాలి తగలగానే రాజుకుంటుంది. నైట్రోజన్ పంపుతూ 50 డిగ్రీలకు దిగాకే తెరవాలి, రోజుకు ఇంకో బ్యాచ్ కొట్టాలన్న ఆత్రమే ఇక్కడ ప్రాణం తీసేది. మొదలుపెట్టే ముందు కూడా నైట్రోజన్‌తో గాలిని తోసేయాలి. మిగులు గ్యాసును బర్నర్‌కు ఇచ్చే గొట్టంలో నీటి సీల్ ఉండాలి, లేకపోతే మంట వెనక్కి నడుస్తుంది. జడ్‌ఎస్‌ఎం-5 నూనెలో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. చేతులు కడుక్కోవడానికో, బోల్టులు తుడవడానికో ఆ నూనె వాడొద్దు.

పెద్ద స్థాయిలో ఎవరైనా చేశారా?

డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థ గెయిల్‌తో కలిసి 2019 ఆగస్టులో రోజుకు టన్ను ప్లాస్టిక్ తీసుకుని సుమారు 800 లీటర్ల డీజిల్ ఇచ్చే యూనిట్ ప్రారంభించింది. బయోమాస్ వైపు అమెరికాలో కియోర్ కంపెనీ మిసిసిపీ రాష్ట్రం కొలంబస్‌లో చెక్కపొడిని క్యాటలిస్ట్ మీద నేరుగా నూనె చేసే పెద్ద ప్లాంటు కట్టింది. అనుకున్న దిగుబడి రాలేదు, 2014 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది. చెక్కలోని కార్బన్ నూనెలోకి రాకుండా బొగ్గుగా, గ్యాసుగా పోవడమే ఈ పద్ధతికి ఎప్పుడూ ఉండే గండం.

95% ఆయిల్ ఇస్తామంటూ ప్రత్యేక పొడి అమ్ముతున్నారు. కొనొచ్చా?

మూడు అడగండి: ఏ సరుకు మీద, మైనంతో కలిపా మైనం తీసేశాకా, గ్యాసూ బొగ్గూ తూచారా. నూనె, గ్యాసు, బొగ్గు, నీళ్ల బరువులు కలిపితే వేసిన సరుకు బరువుకు సరిపోయే పట్టిక చూపించగలిగితే మాట్లాడండి. తర్వాత మీ సరుకే 5 కేజీలు తీసుకెళ్లి, ఒకసారి పొడితో, ఒకసారి పొడి లేకుండా, అదే రియాక్టర్‌లో నడిపించుకోండి. వచ్చిన నూనెను తెల్లారేదాకా 15 డిగ్రీల్లో ఉంచి, గడ్డకట్టిందో లేదో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.